డబల్ రొట్టెలో మందు

బాలాపూర్ ఎంకయ్య అరుగు మీద కూర్చుని పసరు నూరుతున్నాడు. కల్వంలో రాయి తిరిగే చప్పుడు ఇంట్లో అన్ని గదుల్లోకీ వస్తోంది. పెద్దాయన ఎల్లారెడ్డి పటేలు గది తలుపు మాత్రం పొద్దుటి నుంచి మూసే ఉంది.

తిండిలో కలిపి పెట్టిన మందును కక్కించడంలో ఎంకయ్యకు చుట్టూ పది ఊళ్లలో పేరుంది. పొద్దు వాలకముందే పటేలు చేత ఒక ముంత పసరు తాగించాలన్నాడు. తాగిన గడియలో కడుపులో ఉన్నదంతా బయటికొస్తుందట. మందుంటే నల్లటి ముద్దలా కనబడుతుందట. ఇరవై రెండు రోజుల నుంచి అన్నం ముట్టని డెబ్బై ఏళ్ల మనిషి ఆ వాంతికి ఓర్చుకుంటాడా అని ఇంట్లో ఒక్క మనిషే అడిగింది. అడిగింది చిన్నకోడలు స్వరాజ్యం. మందు పెట్టిందని అందరూ అనుమానిస్తున్నదీ ఆమెనే. అందుకని ఆ మాటను ఎవరూ చెవిన పెట్టలేదు.

ఎంకయ్యను పిలిపించింది ఇంద్రమ్మ.

ఎల్లారెడ్డి పటేలుకు ఆమె పెద్దకోడలు. పన్నెండేళ్ల కింద ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి వంటిల్లు ఆమెదే. అత్త పోయిన తర్వాత మామ విస్తట్లో మొదటి ముద్ద మొదలు ఆఖరి మజ్జిగ దాకా ఆమె చేతి మీదుగానే నడిచింది. అటువంటి మామ ఇరవై రెండు రోజుల కింద పెరట్లో కాలు జారి పడ్డాడు. ముసలి జీతగాడు నారయ్య లేపి గదిలోకి తీసుకుపోయి పడుకోబెట్టాడు. ఆ పొద్దున్నే పెద్దకొడుకు జంగారెడ్డితో పెద్ద పంచాయితీ అయింది. కొడుకు మీద అలిగి పడుకున్నాడని ఇల్లంతా అనుకున్నది. దవాఖానకు పోదామంటే వద్దన్నాడని నారయ్య చెప్పాడు. నారయ్యను తప్ప ఇంకొకరిని దగ్గరికి రానియ్యలేదు. ఇంద్రమ్మ పంపిన అన్నం పంపినట్టే తిరిగొచ్చింది. జొన్నరొట్టె తిరిగొచ్చింది. జావ సగం ముంత తాగి పంపాడు.

నాలుగో రోజు నుంచి చిన్నకోడలు స్వరాజ్యం మధ్యాహ్నం పూట వంటింటి తలుపు దగ్గరికి వేసి, కుంపటి మీద ఏదో కాల్చి తీసుకుపోతోంది. పళ్లెం ఖాళీగా వస్తోంది.

ఖాళీ పళ్లేన్ని చూసినప్పుడల్లా ఇంద్రమ్మకు పుండు మీద కారం పడ్డట్టుంది.

ఇప్పుడు నడింట్లో పీట మీద ఒక రేకు డబ్బా ఉంది. నీలిరంగు డబ్బా. దాని మీద ఇంగ్లీషు అక్షరాలు, ఒక ఆవు బొమ్మ. నిన్న స్వరాజ్యం పెట్టెలో చీరల కింద నుంచి ఇంద్రమ్మే తీసింది. మూత తీస్తే లోపల పసుపుపచ్చగా, బట్టల సబ్బులా గట్టిగా ఏదో ఉంది. పాలు విరిగి రెండు రోజులైతే వచ్చే వాసన.

పటేలు చెల్లెలు నర్సింహమ్మ ఆ డబ్బాకు రెండు మూరల దూరంలో కూర్చున్నది. పద్దెనిమిదేళ్లకే ముండమోసి పుట్టిల్లు చేరిన మనిషి. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. తన అన్నకు మందు పెట్టారన్న మాట మొదట పుట్టింది ఆమె నోట్లోనే. లష్కర్లో పెరిగిన పిల్లలకు ఇటువంటివన్నీ తెలుస్తాయని, తెల్లోళ్ల దగ్గర దొరకనిది ఉండదని, ఆవు బొమ్మ ఊరికే వెయ్యరని పొద్దుటి నుంచి అంటూనే ఉంది.

స్వరాజ్యం గోడకు ఆనుకొని నిలబడింది. ఇరవై ఏళ్లుంటాయి. ఆమె తండ్రి సికింద్రాబాదులో, అదే వీళ్లు లష్కరనే ఊళ్లో, దొరలకు సీమ సామాను అమ్మే కొట్టులో గుమాస్తా. భర్త సిద్దారెడ్డి పట్నంలో ఒక వకీలు దగ్గర పని నేర్చుకుంటూ పదిహేను రోజులకొకసారి వస్తాడు. ఈసారి వచ్చి పోయి పది రోజులైంది. ఇంట్లో ఆమె తరఫున మాట్లాడే మనిషి లేడు.

"గది మందు గాదు, పాలు. పాలు విరగ్గొట్టి, నీళ్లు పిండి, ఉప్పేసి గట్టిగ జేస్తరు. చీజ్ అంటరు. లడాయిల ఉన్న సిపాయిలకు గవే డబ్బాలు పోతయి. మా నాయన పంపిండు."

"పాలైతె పెట్టెల చీరల కింద ఎందుకు దాచినవ్?" అన్నది ఇంద్రమ్మ.

స్వరాజ్యం డబ్బా మూత తీసుకొని బిగించింది.

"అడిగితె చెప్పవేంది? డబల్ రొట్టె బస్సుల తెప్పిస్తున్నవ్. అది నా కంట్ల పడొద్దని నారయ్యను పంపి శేరిగూడ కాడనే బస్సు ఆపి తీసుకుంటున్నవ్. తలుపు దగ్గరికేసి వండుతున్నవ్. కడుపుల పాపం లేకపోతె ఇన్ని చాటులెందుకు?"

స్వరాజ్యం కళ్లు ఒక్కసారి పెద్దాయన గది తలుపు మీదికి పోయి వెనక్కి వచ్చాయి. ఆ చూపును ఇంద్రమ్మ పట్టుకుంది. ఆ గదిలో ఏదో ఉంది. ఆ పిల్లకూ ముసలాయనకూ మాత్రమే తెలిసింది, తనకు తెలియంది.

అరుగు మీద కల్వం చప్పుడు ఆగింది. ఆకు మెత్తబడింది, ఇంక వడగట్టుడే అని ఎంకయ్య కేకేశాడు.

స్వరాజ్యం ముందుకొచ్చి ఇంద్రమ్మ చెయ్యి పట్టుకుంది. "అక్కా, గా పసరు తాగిస్తె మామ బతుకడు. నన్ను ఏమన్న అను. మా నాయన ఇంటికి పంపు, పోత. మామకు మాత్రం పసరు తాగియ్యకు."

ఆ బతిమాలుడు చూసి ఇంద్రమ్మకు ఒక్క క్షణం మనసు మెత్తబడింది. మరుక్షణమే ఆ బతిమాలుడు కూడా అనుమానంగా తోచింది. దొంగకు దొరికిపోతానన్న భయం ఉండదా?

"అయితె నా ముందట చెయ్యి" అన్నది. "తలుపు తెరిచే ఉండాలె. నువ్వు ఏమేమి వేస్తున్నవో నేను చూడాలె. గటెనుక పసరు సంగతి."

వంటింట్లో కుంపటిలో నిప్పులున్నాయి. స్వరాజ్యం విసనకర్రతో నాలుగు సార్లు విసిరి వాటిని ఎర్రగా చేసింది. రొట్టెల పెంక తుడిచి కుంపటి మీద పెట్టింది. ఉట్టి మీది గుడ్డమూట దించి విప్పితే డబల్ రొట్టె, లష్కర్లో దొరలు తినే బ్రెడ్డు. బస్సులో వచ్చి రెండు రోజులైంది, అంచులు గట్టిపడ్డాయి. కత్తిపీట ముందేసుకొని వేలు మందాన రెండు ముక్కలు కోసింది. ఇంద్రమ్మ ఆ రెండు ముక్కలనూ చేతిలోకి తీసుకొని ఇటూ అటూ తిప్పి, వేలితో నొక్కి, వాసన చూసి ఇచ్చింది.

ముక్కలకు ఒక్కో వైపు వెన్న రాసింది స్వరాజ్యం. ఆ వెన్న ఇంద్రమ్మ పొద్దున చిలికి తీసిందే. అందులో అనుమానించడానికి ఏమీ లేదు. వెన్న రాసిన వైపు కిందికి పెట్టి ఒక ముక్కను పెంక మీద వేసింది. సన్నగా చిటపటమన్నది. డబ్బాలోని పసుపుపచ్చ గడ్డ నుంచి కత్తిపీట మీద పలుచగా బిళ్లలు తీసి ఆ ముక్క మీద పరిచింది. వాటి మీద చిటికెడు ఎర్రకారం చల్లింది.

"కారమెందుకు?"

"మామకు చప్పటిది సయించది గద."

అది ఇంద్రమ్మకు తెలుసు. ఇంట్లో అందరికంటే బాగా తెలుసు. ఆ మాట ఇంకొకరి నోట వినడమే బాగాలేదు.

రెండో ముక్కను దాని మీద మూతలా పెట్టి, ఒక మూకుడు బోర్లించింది స్వరాజ్యం. మూకుడు అంచు నుంచి వాసన రావడం మొదలైంది. డబ్బాలో వచ్చిన పులిసిన వాసన కాదు. నెయ్యి కాగినట్టు, పాలు అడుగంటబోయే ముందు వచ్చినట్టు. ఇంద్రమ్మకు తెలియకుండానే నోరూరింది. ఊరినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

మూకుడు తీసి, అట్లకాడతో ముక్కను తిప్పి, పైన నీళ్ల చెంబు బరువు పెట్టింది. కరిగిన పసుపుపచ్చది అంచుల నుంచి ఉబికి పెంక మీద సన్నగా మాడింది. ఇంకొంచెం సేపటికి తీసి పళ్లెంలో వేసింది. తమలపాకుకు సున్నం రాసి, మడిచి నోట్లో పెట్టుకొని నమిలేంత సేపు కూడా పట్టలేదు.

ఇంద్రమ్మకు అదీ నమ్మబుద్ధి కాలేదు. ఈ ఇంట్లో వంటంటే తెల్లారి పొయ్యి ముట్టిస్తే పొద్దెక్కేదాకా సాగేది. రుబ్బాలి, దంచాలి, వార్చాలి. ఇంత తొందరగా అయ్యేది తిండి ఎట్లవుతుంది?

"ముందు నువ్వు తిను" అన్నది.

స్వరాజ్యం వెనకాడలేదు. కత్తిపీట మీద ముక్కను ఏటవాలుగా రెండు చేసింది. మధ్య నుంచి పసుపుపచ్చటి తీగ సాగింది. ఒక కొస తుంచి ఊది నోట్లో వేసుకొని మింగింది.

గడప దగ్గర నిలబడి చూస్తున్న నర్సింహమ్మ అదేం లెక్కకు రాదన్నది. మందు ఎవరి పేరు మీద పెడితే వాళ్లకే పని చేస్తుంది. పెట్టిన మనిషి తిన్నా ఏం కాదు, పక్క మనిషి తిన్నా ఏం కాదు.

ఇంద్రమ్మకు ఒక ఆలోచన వచ్చింది.

"పళ్లెం ఇటియ్యి. ఇయ్యాల నేను తీస్కపోత."

అంతవరకు అన్నిటికీ తలొంచిన స్వరాజ్యం పళ్లేన్ని వదల్లేదు. రెండు చేతులతో పట్టుకుంది.

"వద్దక్కా. నువ్వు వోకు."

"ఎందుకు?"

"మామ తినడు."

"నా చేతిది పన్నెండేండ్లు తిన్నడు" అని ఇంద్రమ్మ పళ్లెం లాక్కుంది.

గది తలుపు ముందు నారయ్య కూర్చున్నాడు. ఇంద్రమ్మను చూసి లేచి, దొర పండుకున్నడు దొరసానీ అన్నాడు. ఆమె పక్కకు జరగమన్నది. అతను జరగలేదు. నలభై ఏళ్ల నుంచి ఈ ఇంట్లో పనిచేస్తున్న మనిషి ఆడవాళ్ల మాటకు ఎదురు నిలవడం ఇదే మొదలు. వీడు కూడానా? ఎంతమంది కలిసి ఏం దాస్తున్నారు? అతని పక్క నుంచి చెయ్యి చాచి తలుపు తోసి లోపలికి పోయింది.

ఎల్లారెడ్డి పటేలు మంచం మీద గోడకు ఆనుకొని కూర్చున్నాడు. గొంగడి మెడదాకా కప్పి ఉంది. గడ్డం పెరిగింది. ఇరవై రెండు రోజుల్లో మనిషి సగమయ్యాడు. పళ్లెం తెచ్చింది ఎవరో చూసి మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

ఇంద్రమ్మ పళ్లెం మంచం మీద పెట్టి, కింద చాప మీద కూర్చుంది.

"తిను మామా. స్వరాజ్యమే చేసింది. నేనేం కలపలె."

పటేలు కదల్లేదు.

ఆమె లేవలేదు. ఎంతసేపైనా ఇక్కడే కూర్చుంటానని చెప్పింది. తన వంటలో ఏం తక్కువైందో చెప్పాలన్నది. ఉప్పు ఎక్కువైందా, చెయ్యి శుభ్రం లేదా, ఏ రోజైనా ముఖం మాడ్చుకొని పెట్టిందా? కొడుకు మీది కోపం కోడలి వంట మీద చూపడం ఏం న్యాయమన్నది. ఇన్ని రోజులుగా లోపల కుక్కుకున్నదంతా మెల్లగా, గొంతు పెంచకుండా చెప్పుకుంది. ఆయన వింటూనే ఉన్నాడు. రొట్టె చల్లారుతోంది. అంచున ఉబికిన పసుపుపచ్చది గట్టిపడుతోంది. ఆయన కళ్లు పళ్లెం మీదికి వచ్చి, ఆమె మీదికి వచ్చి, మళ్లీ గోడ మీదికి పోయాయి. ఆకలి దాచడం ఏ పటేలుకూ చేతకాదు.

అరుగు మీద నుంచి ఎంకయ్య మళ్లీ కేకేశాడు. పసరు తయారైంది. పొద్దు వాలుతోంది.

ఆ కేక వినగానే పటేలు గొంగడి కదిలింది. చెయ్యి బయటికి వచ్చింది. పళ్లెంలోని రొట్టె ముక్కను పట్టుకుంది.

ఎడమ చెయ్యి.

ఇంద్రమ్మ చూస్తూ ఉండిపోయింది. ఈ ఇంట్లో మనవళ్లు పొరపాటున ఎడమ చెయ్యి విస్తట్లో పెడితే లేపి బయటికి పంపిన మనిషి. ఎడమ చేత్తో వడ్డించిందని పనిమనిషిని మూడు రోజులు పనికి రానియ్యని మనిషి.

ఆయన కరకరలాడే అంచు వదిలి మెత్తటి మధ్యభాగం కొరికాడు. నెమ్మదిగా, ఒక వైపు దవడతోనే నమిలాడు. రెండో వైపు పెదవి కొంచెం కిందికి జారి ఉంది. గడ్డంలో ఇన్నాళ్లూ అది కనబడలేదు.

ఇంద్రమ్మ లేచి గొంగడి తీసింది. ఆయన వద్దన్నట్టు తల తిప్పాడు గాని ఆపలేకపోయాడు. కుడి చెయ్యి తొడ మీద పడి ఉంది. వేళ్లు లోపలికి ముడుచుకున్నాయి. ఆమె ఆ చేతిని పట్టుకొని ఎత్తింది. బరువుగా లేచింది. వదిలితే పడిపోయింది.

"కాలు జారి పడలేదు" అన్నది ఇంద్రమ్మ. అది ఆయనతో అన్నదో తనలో తాననుకున్నదో ఆమెకే తెలియదు.

పటేలు నోట్లోది మింగేదాకా ఆగాడు. మాట ముద్దముద్దగా వచ్చింది.

"అన్నం... ఎడమ చేత్తోని... ఎట్ల తింట బిడ్డా."

"నేను తినిపియ్యకపోదునా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. కోడళ్ల చేత ముద్దలు పెట్టించుకోలేకపోవడం ఒక్కటే కాదు. ఇంద్రమ్మకు మెల్లగా అర్థమవుతోంది. చెరువు నీళ్లు వెనక్కి తగ్గాక బయటపడే శిఖం భూమిని చేపలు పట్టే నలభై ఇళ్లవాళ్లు తాతల నాటి నుంచి దున్నుకుంటున్నారు. అక్కడ వాళ్ల సాగు లేదని, ఆ భూమి పడావు పడి బీడుగా ఉందని ఒక కాగితం రాయించి, జంగారెడ్డి తన పేరు మీద పట్టా చేయించుకోజూశాడు. ఆ కాగితం మీద, ఊరి శిస్తు చూసే మాలీపటేలుగా మామ దస్తకతు, అంటే సంతకం, లేనిదే తాసిల్ కచేరిలో చెల్లదు. తండ్రి పెట్టనన్నాడు. గొడవ అందుకే. ఆ పొద్దున్నే ఈ చెయ్యి పడిపోయింది. పడిపోయిందని కచేరికి తెలిస్తే పటేల్‌గిరి పెద్దకొడుకు పేరు మీదికి మారుతుంది. ఆ మరునాడే జంగారెడ్డి ఆ కాగితం మీద తన దస్తకతు తానే పెట్టుకుంటాడు.

"స్వరాజ్యానికి చెప్పినవ్. నాకెందుకు చెప్పలె మామా?"

పటేలు ఆమె కళ్లలోకి చూశాడు. ఇరవై రెండు రోజుల్లో అదే మొదటిసారి.

"నువ్వు... జంగని పెండ్లానివి."

ఆయన మిగిలిన ముక్క ఆమె వైపు జరిపాడు. తినమని కాబోలు. ఇంద్రమ్మ తీసుకొని నోట్లో పెట్టుకుంది. చల్లారింది. ఉప్పగా, కొంచెం కారంగా, జున్నుకు దూరపు చుట్టంలా ఉంది.

తలుపు దగ్గర స్వరాజ్యం నిలబడి ఉంది. లోపలికి వచ్చి మామకు మళ్లీ గొంగడి కప్పింది. రెండో నాడు నారయ్య లేనప్పుడు తాను నీళ్లిస్తే మామ కుడి చేతి నుంచి ముంత జారిపోయిందట. అప్పుడు తెలిసిందట. ఎవరికైనా చెప్తే బావిలో పడతానని బెదిరించి మామ ఒట్టు పెట్టించుకున్నాడట. సిద్దారెడ్డికి కూడా చెప్పలేదు.

"జొన్నరొట్టె పెట్టకపోతివా" అన్నది ఇంద్రమ్మ, ఏదో ఒకటి అనాలి గనక.

"తుంచి కూరల అద్దాలె గదక్కా. ఒక్క చేత్తోని తుంచితె పళ్లెం జారుతది. ఎండుది గొంతుల పడి పొలమారుతది. దీనికి తుంచే పని లేదు, కూర లోపల్నే ఉంటది. వెన్న ఉంటది, మెత్తగ దిగుతది. లష్కర్ల దొరలు ఏ చేత్తోనన్న తింటరు. గది అన్నం గాదు, మన రొట్టె గాదు, తప్పు లేదని నేనే ఒప్పిచ్చిన." పళ్లెం చేతిలోకి తీసుకుంటూ అన్నది. "నీ అన్నం ఎడమ చేత్తోని ముట్టనన్నడు. ముడితె పాపం తగులుతదన్నడు."

ఇంద్రమ్మ బయటికి వచ్చింది. నడింట్లో నర్సింహమ్మ పసరు ముంత పట్టుకొని నిలబడి ఉంది. ఇంద్రమ్మ ఆ ముంత తీసుకొని పెరట్లోకి పోయి పారబోసింది. ఎంకయ్యకు భోజనం పెట్టి పంపమని నారయ్యతో చెప్పింది. మామ నా చేతి మీద తిన్నడు, మందూ లేదు మాకూ లేదన్నది.

నర్సింహమ్మ ఆమెను కిందికీ పైకీ చూసింది. పొద్దున మందు మందు అని ఇల్లు పీకి పందిరేసిన మనిషి, ఒక గడియ ఆ గదిలో కూర్చొని వచ్చి మాట మార్చింది. పెదవి అంచున ఏదో పసుపుపచ్చగా అంటుకొని కూడా ఉంది. నర్సింహమ్మ ఇంకేం అనలేదు. మాట్లాడకుండా ఆమె అంతసేపు ఉండడం ఇంద్రమ్మ ఎన్నడూ చూడలేదు.

జంగారెడ్డి కచేరి నుంచి వచ్చేసరికి ఎంకయ్య తిని చేతులు కడుక్కుంటున్నాడు. పసరు తాగించలేదని తెలిసి జంగారెడ్డి కోప్పడలేదు. తలపాగా తీసి మేకుకు తగిలించి, ఇంద్రమ్మను తమ గదిలోకి పిలిచాడు.

"నువ్వే పిలిపిస్తివి, నువ్వే తోలిస్తివి" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది.

మామ నీరసంగా ఉన్నాడని, అనుమానం అక్కరలేదని, స్వరాజ్యం చేసేది పాల సరుకేనని, తాను కూడా తిన్నానని ఇంద్రమ్మ చెప్పింది. అన్నీ నిజాలే చెప్పింది.

జంగారెడ్డి మంచం మీద కూర్చొని వింటూ, చెప్పుల దుమ్ము దులుపుకున్నాడు.

"నాకు మందు మీద నమ్మకం లేదు ఇంద్రా. ఎప్పుడూ లేదు. నువ్వు ఎంకయ్యను పిలిపిస్తనంటె సరే అన్న. ఎందుకన్ననో తెలుసా?"

ఆమెకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

"పసరు తాగాలంటె ముంత పట్టుకోవాలె గద. బాపు ముంత ఏ చేత్తో పట్టుకుంటడో చూద్దామనుకున్న."

ఇతనికి అనుమానం ఎప్పటి నుంచి ఉంది? పసరు తాగితే తండ్రి ఏమవుతాడో ఇతనికి తెలియదా? తెలిసీ ఊరుకున్నాడా? పన్నెండేళ్లు పక్కన పడుకున్న మనిషి మొహంలో ఆమె వెతికింది. అక్కడ ఏమీ దొరకలేదు.

"లోపటికి పోయినవంట. నర్సింహమ్మత్త చెప్పింది. బాపు నీ ముందట తిన్నడు గద?"

"తిన్నడు."

"ఏ చేత్తో తిన్నడు?"

భర్తకు ఆమె ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. చెప్పవలసిన అవసరం రాలేదు. ఆమె వంటింట్లో ఉండేది, అతను కచేరిలో ఉండేవాడు. మధ్యలో దాచుకోవలసింది ఏమీ ఉండేది కాదు.

"ఏ చేత్తో తింటరు ఎవరన్న" అన్నది. "కుడి చేత్తోనే."

జంగారెడ్డి తలూపాడు. తర్వాత లేచి సందూకు తెరిచి, మడత పెట్టిన ఆ శిఖం భూమి కాగితం, కలం, సిరాబుడ్డి తీశాడు.

"మంచిదే అయింది. భూములు తనిఖీ చేసే గిర్దావరు నాతోనే వచ్చిండు, చావడి కాడ చాయ తాగుతుండు. ఇంక జరసేపట్ల అరుగు మీదికొస్తడు. బాపు ఒప్పుకున్నట్టన్న రాయాలె, ఒప్పుకోనట్టన్న రాయాలె. ఏదైనా సరే, తన చేత్తోని రాసి దస్తకతు పెట్టాలె. రాయకపోతె ఎందుకు రాయలేదో గిర్దావరే లోపటికి పోయి చూస్తడు."

ఆ మూడూ ఆమె చేతుల్లో పెట్టాడు.

"నువ్వే తీస్కపో. నీ ముందట తిన్నడు గద, నీ ముందటనే రాస్తడు."

వాకిట్లో చెప్పుల చప్పుడు వినబడింది. ఎవరో ఉర్దూలో పలకరిస్తున్నారు, నర్సింహమ్మ పీట వెయ్యమంటోంది. ఇంద్రమ్మ కాగితం పట్టుకొని మామ గది దాకా నడిచింది. తలుపు తెరిచే ఉంది. లోపల స్వరాజ్యం ఆమె మొహం చూసింది, ఆమె చేతిలోని కాగితం చూసింది. చూసి, మెల్లగా లేచి, మామకూ ఇంద్రమ్మకూ మధ్య అడ్డంగా నిలబడింది.

"చెప్పేసినవా అక్కా?" అన్నది.